సామి ఆడే ఇల్లు

వాకర్ కనిపించలేదు.

నిన్న సాయంత్రం విద్యాలక్ష్మి దాన్ని మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పెట్టింది. పొద్దున జనార్ధనం లేచి చూసేసరికి అక్కడ అతని చెప్పులు తప్ప ఏమీ లేవు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో పరుపును గట్టిగా పట్టుకుని, గది నాలుగు మూలలూ చూశాడు. స్నానాలగది తలుపు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. ఏడాది కిందటి వరకు అది దూరమని అతనికి తెలియదు.

"విద్యా!" అని పిలిచాడు.

పిలుపు ముద్దగా వచ్చింది. ఈ మధ్య మాటంతా అంతే, నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పోయిన నెల అంగట్లో టిఫిన్ క్యారియర్ల దొంతర చేతిలోంచి జారి వీధి చివరిదాకా మోగినప్పుడు, బేరానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "పొద్దన్నే ఏసినాడు" అని పక్కవాడికి చెప్పి ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. నలభై నాలుగేళ్లలో జనార్ధనం మందు వాసన కూడా చూసినవాడు కాదు. ఆ రోజు నుంచి గల్లాపెట్టె దగ్గర విద్యాలక్ష్మే కూర్చుంటోంది.

ఇంటి ముందు భాగం స్టీలు పాత్రల అంగడి, వెనక భాగం కాపురం. ఆమె షట్టరు సగం ఎత్తి వదిలేసి లోపలికి వచ్చింది.

"ఏమండీ, లేసినారా? వాకరేది?"

"దానికి నాలుగు కాళ్లు. నాకు రెండే. అది యాడికి పోయిందో నాకెట్ల తెలుస్తుంది?"

విద్యాలక్ష్మి నవ్వలేదు. నవ్వే ఓపిక ఆమెకు అయిపోయి చాన్నాళ్లయింది. అతని చంకల కింద చేతులు వేసి లేపి, గోడ దాకా నడిపించి, గోడకు అప్పజెప్పింది. గోడ పట్టుకుని, బీరువా పట్టుకుని, తలుపు పట్టుకుని అతను స్నానాలగది చేరాడు. ఇంట్లో ఏ వస్తువు మనిషి బరువు మోస్తుందో, ఏది మోయదో ఈ ఏడాదిలో అతనికి కంఠతా వచ్చేసింది.

హాల్లో కమలాంబ కావడికి నూనె రాస్తోంది.

డెబ్బై రెండేళ్ల మనిషి. కింద చాప వేసుకుని, ఒళ్లో పాత పంచె ముక్క పరుచుకుని, కావడి కర్రను చంటిపిల్లకు తలంటినంత శ్రద్ధగా రుద్దుతోంది. పక్కన రెండు నెమలిపింఛాల కట్టలు ఎండకు పెట్టి ఉన్నాయి. వచ్చే శుక్రవారం ఆడికృత్తిక, కొండమీది సామికి కావళ్లు మోసే పండగ. తిరుత్తణి వీధులన్నీ పసుపుబట్టలతో నిండిపోయే రోజు.

"అత్తా, వాకర్ యాడ పెట్టినారు?"

"ఏ వాకరు?"

"నిన్న తిరువళ్లూరు నుంచి తెచ్చినాము గదా."

"ఓ, బట్టలారేసే స్టాండా?" కమలాంబ తల ఎత్తలేదు. "మిద్దె మీదుండాది. నా చీరలు రెండు ఆరేసినాను. బాగానే ఉండాది, గట్టిది."

ఆ మాట విద్యాలక్ష్మిదే మరి.

నిన్న తిరువళ్లూరు పెద్దాసుపత్రిలో పని ముగించుకుని, వాకర్ కొని, దాన్ని దుప్పట్లో చుట్టి లోకల్ రైలెక్కారు. ఎదురు సీట్లో సరిగ్గా తమ వీధి మనిషే తగిలింది. ఆ మూటేందని ఆమె అడిగిన పాపానికి, విద్యాలక్ష్మి తడుముకోకుండా "బట్టలారేసే స్టాండక్కా" అనేసింది. వీళ్లిద్దరూ ఇల్లు చేరేలోపే ఆ కబురు గడపగడపా తిరిగి కమలాంబ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నువ్వు చెప్పిన మాటే గదమ్మా," అంది కమలాంబ, "నేను దాన్ని నిజం చేసినాను. తప్పా?"

"ఆయన పడిపోతే?"

"యాడ పడిపోతాడు? ఇంతకాలం పడినాడా?"

"మూడు తూర్లు పడినాడు. మీరు గుడికి పోయినప్పుడు ఒకతూరి, బాత్రూములో రెండు తూర్లు. మీకు చెప్పలేదు, అంతే."

కమలాంబ చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ నూనె గుడ్డ కదిలింది.

"సామి మనిషిని సామే చూసుకుంటాడు. ఇనప బొంగులు పట్టుకొని నడిచే మనిషి దగ్గరికి ఎవురొచ్చి ఈబూది అడుగుతారు? ఆ మాట చెప్పు నువ్వు."

అక్కడుంది అసలు సంగతి. ఈ ఇంటిని వీధిలో అందరూ సామి ఆడే ఇల్లంటారు. జనార్ధనం తాత మీదికి సామి వచ్చేవాడు. తండ్రి మీదికి వచ్చేవాడు. పోయిన ఏడాది ఆడికృత్తికకు, కొండగుడి మూడొందల అరవై అయిదు మెట్ల మధ్యలో, పూలకావడి భుజానున్న జనార్ధనం మీదికి కూడా వచ్చాడు. అప్పటి నుంచి ప్రతి కృత్తిక నాడూ అతని చేతి విబూది కోసం పది మంది వచ్చి కూర్చుంటున్నారు. భర్త పోయిన పదకొండేళ్లకు కమలాంబ మళ్లీ తలెత్తుకుని వీధిలో నడుస్తోంది.

"శుక్రవారం వాడు కావడి ఎత్తాల్సిందే," అంది ఆమె. "వేండుదల ఉండాది. మొక్కు తీర్చాల."

"డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడత్తా. ఒక్క మెట్టు కూడా."

"డాక్టరు పోయినేడు కూడా ఉండాడు గదా, వాణ్ని అడిగి ఎక్కినాడా?"

స్నానాలగది తలుపు పట్టుకుని నిలబడ్డ జనార్ధనం ఈ మాటలన్నీ విన్నాడు. కాళ్లు రెండూ ఎడంగా వేసి నిలబడ్డాడు, రైల్లో నిలబడ్డట్టు. ఇంట్లో నిలబడినా ఇప్పుడు అతనికి అంతే. తల్లికి ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, పెళ్లాం మొహం చూసి మూశాడు. ఇద్దరి మధ్యా ఎవరి పక్షాన మాట్లాడినా రెండో మనిషి రోజంతా అన్నం తినదు. అందుకని అతను మాట్లాడడమే మానేశాడు. మాట ముద్దగా రావడం ఒకందుకు మంచిదే అయింది.

విద్యాలక్ష్మి మిద్దెక్కి, తడి చీరలు పక్కన పడేసి, వాకర్ని కిందికి మోసుకొచ్చింది. దాని కాళ్లు మెట్లకు తగిలి ఇల్లంతా మోగింది. కమలాంబ కావడి ఎత్తుకుని పూజగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

* * *

ఆదివారం కాబట్టి శ్రీవాసవికి కాలేజీ లేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, తిరువళ్లూరులో బీకాం రెండో ఏడు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం పట్టుకుని తండ్రి ముందు బల్ల మీద కూర్చుంది. కాగితం అరవంలో ఉంది. తెలుగులో ఉంటే ఆ పిల్ల చదవలేకపోయేది, అరవంలో ఉంది గనక గడగడా చదివేస్తోంది.

తండ్రి మాట ఇంట్లో అందరికంటే బాగా అర్థమయ్యేది కూడా ఆ పిల్లకే. అంగట్లో కూర్చున్నన్నాళ్లూ అతను ఏదన్నా చెబితే బేరగాళ్లు ముందు వాసవి మొహం చూసేవాళ్లు. ఆమె దాన్ని మళ్లీ చెప్పేది.

"ఇను నాయనా. ఒకటి, కర్ర వద్దంట. కర్ర నీతోబాటే తూలతాదంట. రెండు, తిరగాలంటే గిరుక్కున తిరగకూడదు. బస్సు మలుపు తిరిగినట్ల పెద్దగా తిరగాల. మూడు, నడిచేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడాలంటే నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టుకొని, అప్పురం మాట్లాడాల."

"మీ అవ్వకు కూడా ఇయ్యి ఆ కాగితం."

"అవ్వ నడవకుండా కూడా మాట్లాడతాది." వాసవి కిసుక్కున నవ్వింది. "సరే, నాలుగు. మడమ ముందు, వేలు వెనక. గీత మీద నడిచినట్ల. నేను చేసి చూపిస్తాను, చూడు."

నేలమీది రాళ్ల మధ్య సందు వెంబడి మడమకు వేళ్లు ఆనించి నడిచింది. ఒకటి. రెండు. మూడో అడుగుకు పక్కకు ఒరిగి, చప్పున గోడకు చెయ్యి ఆనించింది.

"చూసినావా? నాకే రాలేదు. నీకు రాకపోతే సిగ్గుపడొద్దు!"

జనార్ధనం నవ్వాడు. ఆ రోజు మొత్తం మీద అతను నవ్వింది అప్పుడే. కూతురు తనకోసం కావాలనే తూలిందని అనుకున్నాడు, దాని మంచి మనసుకు లోలోపల మురిసిపోయాడు కూడా.

తర్వాత వాకర్ పట్టుకుని హాలు ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాడు. ముందు రెండు చక్రాలు, వెనక రెండు రబ్బరు కాళ్లు. తోయి, ఆగు, అడుగు వెయ్యి. తోయి, ఆగు, అడుగు వెయ్యి. గోడ పట్టుకోకుండా, మనిషిని పట్టుకోకుండా, నెలల తర్వాత ఇరవై అడుగులు నడిచాడు. అతనికి ఏడుపొచ్చింది. ఇంత సులువైన వస్తువును దుప్పట్లో చుట్టుకుని దొంగసొత్తులా తెచ్చుకున్నామే అనిపించింది.

వీధివైపు తలుపు దాకా వచ్చి ఆగాడు. తలుపు అవతల అంగడి, దాని అవతల వీధి. బస్సు మలుపులా పెద్దగా తిరిగి వెనక్కి వచ్చేశాడు.

"బయటికి పోదామా నాయనా?"

"ఈపొద్దు వద్దు."

"రేపు?"

జనార్ధనం వాకర్ని మంచం వైపు తోశాడు.

* * *

మధ్యాహ్నం షట్టరు దించి విద్యాలక్ష్మి అన్నానికి వచ్చింది. అతనికి చెంచా ఇచ్చి, తను నేలమీద కూర్చుని తినసాగింది. పూజగది తలుపు ఇంకా వేసే ఉంది. అత్తకు పెట్టిన కంచం మూత కింద అట్లాగే ఉంది.

"విద్యా."

"ఊఁ."

"పోయినేడు నా మీదికి సామి రాలేదు."

చెప్పేశాడు. ఏడాదిగా గొంతులో పెట్టుకుని తిరిగిన మాట. పిడుగేదో పడుతుందని అనుకున్నాడుగాని ఏమీ పడలేదు. విద్యాలక్ష్మి మజ్జిగ కలుపుకుంటోంది.

"రెండొందల మెట్టు దాటినాక కాళ్లు నా మాట వినలేదు. ఊగిపోయినాను. పంబవాళ్లు చూసి డోలు ఇంకా గట్టిగా కొట్టినారు. పట్టుకోండి, పట్టుకోండి అని చెప్పబోయినాను. నోరు తిరగలేదు. సామి ఏందో చెప్తా ఉండాడని అందరూ చేతులు జోడించి ఎనక్కి జరిగినారు."

"నాకు తెలుసు," అంది విద్యాలక్ష్మి.

అతను చెంచా కంచంలో పెట్టాడు.

"ఎనకమాల నడుం పట్టుకొని మిగతా మెట్లన్నీ ఎక్కించింది ఎవురనుకొన్నారు? సామి వచ్చిన మనిషి బరువుండడు. మీరు బరువున్నారు."

"మరెందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పేది? ఆ తూరి మీ అమ్మ మొహం చూసినారా మీరు?" ఆమె కంచం ఎత్తుకుని లేచింది. "నేను చూసినాను. పదేండ్లు తగ్గిపోయింది ఆమెకు. ఆ పొద్దు నేను చెప్పుంటే ఈ ఇంట్లో మళ్లా కాలు పెట్టనిచ్చేదా?"

తిట్టినట్టు కాదు, ఏడ్చినట్టూ కాదు. ఊరికే చెప్పింది, అలసిపోయిన మనిషి రోజు లెక్క చెప్పినట్టు. జనార్ధనానికి అదే ఎక్కువ బాధ కలిగించింది.

అప్పుడు పూజగది తలుపు తెరుచుకుంది. కమలాంబ వచ్చి కంచం మీద మూత తీసి, పీటమీద కూర్చుని, నిదానంగా అన్నం కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక చెప్పింది.

"సరి. వాడు కావడి ఎత్తొద్దులే."

మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు.

"నిజంగానా అత్తా?"

"నిజంగానే. సామిని అడిగినాను, ఉత్తరువయింది. వాడు మెట్లెక్కొద్దు, ఇంట్లోనే ఉండనీ. కావడికి పూజ చేసి పెట్టేస్తాను."

విద్యాలక్ష్మి కంచం పట్టుకుని నిలబడ్డచోటే నిలబడిపోయింది. నెల రోజులుగా బిగబట్టిన భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. అత్త దగ్గరికి వచ్చి ఇంకో గరిటె చారు పోసింది. "రొంత నెయ్యి వేసేదా అత్తా?" అంది. ఆ ఇంట్లో ఆ మాట వినిపించి చాలా కాలమైంది.

ఎందుకు దిగివచ్చిందని ఇద్దరూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

* * *

సాయంత్రం నాలుగున్నరకు గోవిందమ్మ వచ్చింది. ఆర్.కె.పేట పక్క పల్లెలో సేద్యం చేసుకునే మనిషి, జనార్ధనం తండ్రి కాలం నుంచి ఈ ఇంటికి వస్తోంది. టెంకాయ, ఆకూవక్క పట్టుకుని తిన్నగా లోపలికి వచ్చి జనార్ధనం ముందు నేలమీద కూర్చుంది. వాకర్ మీద ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో ఏమిటి, కమలాంబే.

"కోడలికి ఏడో నెల సామీ. నీ చేత్తో రొంత ఈబూది పెట్టు."

జనార్ధనం వద్దనలేకపోయాడు. వద్దనాలంటే చాలా చెప్పాలి. విబూది సంచిలోకి చెయ్యి పెట్టాడు. ఆమె చాపిన అరచేతి దగ్గరికి వచ్చేసరికి అతని వేళ్లు తప్పుకున్నాయి, గాలిలో అటూ ఇటూ ఆడాయి, విబూది సగం నేల పాలయింది. గోవిందమ్మ ఆ నేలమీదిది కూడా వేలితో అద్దుకుని కళ్లకు రాసుకుంది.

"అబ్బబ్బ, అచ్చం మీ నాయనే," అంది. "ఆయన చెయ్యీ ఇట్లనే ఆడేది. నీళ్ల గ్లాసు ఇస్తే దాని పక్కన పట్టుకొనేవాడు. కాళ్లు ఎడంగా పెట్టుకొని నిలబడేవాడు, నీ మాదిరే. కడాన కడాన వాక్కు కూడా మనకు తెలిసేది కాదు, సామి భాష అయిపోయింది."

"మా మామగారికీ అంతే," అంది కమలాంబ వెనకనుంచి, పూలు కడుతూ. "చివర్లో ముద్ద మింగాలన్నా సామి వదిలేవాడు కాదు."

జనార్ధనం చెయ్యి విబూది సంచి మీదే ఉండిపోయింది.

నిన్న డాక్టరు తన ముక్కు ముట్టుకోమన్నాడు, తర్వాత ఆయన వేలు ముట్టుకోమన్నాడు. వేలు దొరకలేదు, పక్కన గాలి దొరికింది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతారా అన్నాడు. మాట ముద్దగా ఎప్పటి నుంచి అన్నాడు. మింగేటప్పుడు పొలమారుతుందా అన్నాడు. అన్నీ రాసుకుని, ఈ జబ్బు కొన్ని ఇళ్లలో రక్తంలోనే దిగుతుంది, మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా ఉండిందా అని అడిగాడు.

లేదు అన్నాడు జనార్ధనం.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే లేదనుకున్నాడు. వాళ్ల ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, సామి ఉండేవాడు. తండ్రి పేరుగాని తాత పేరుగాని ఆ గదిలో అతనికి గుర్తుకే రాలేదు. అట్లయితే మంచిదే అని డాక్టరు కాగితంలో ఒక గీత గీశాడు.

"ఆయన మీదికి ఎప్పుడొచ్చినాడక్కా సామి?" అని గోవిందమ్మ అడుగుతోంది.

"మా మామకు యాభై. మా ఇంటాయనకు నలభై అయిదు. వీడికి నలభై మూడు." కమలాంబ దారం ముడి వేసి పళ్లతో కొరికింది. ఆమె మొహంలో ఒక వెలుగు ఉంది. "ఈ తూరి సామికి ఇంకా తొందరగా ఉండాది గోవిందమ్మా. అందుకే నేను వీణ్ని వదిలేసినాను. సామి ఇంకొకరిని చూసుకొన్నాడు."

"ఎవురిని?"

"వాసవిని."

జనార్ధనం తల ఎత్తాడు.

"నేను రెండు నెల్లుగా చూస్తా ఉండాను, నోరు తెరిస్తే దిష్టి తగలతాదని సుమ్మా ఉన్నాను. మిద్దె మెట్లు దిగతా దిగతా ఊగతాది. గోడ పట్టుకొని నిలబడిపోతాది. అడిగితే కాలు జారిందంటాది. కాఫీ తెచ్చిస్తే చెయ్యి అట్ల ఆడతాది, సాసర్లో పడతాది. పందొమ్మిదేండ్లకే! ఈ ఇంట్లో ఆడబిడ్డ మీదికి రావడం ఇదే మొదలు. శుక్రవారం దాని నెత్తిన పాలచెంబు పెట్టి, పాలకుడంతో మెట్లెక్కిస్తాను. రా, చూద్దువుగాని, ముందర నీళ్లు పోసి అలవాటు చేస్తా ఉండాది."

ఇద్దరూ లేచి అంగట్లోకి వెళ్లారు.

జనార్ధనం ఒక్కడే మిగిలాడు. నేలమీది రాళ్ల సందు కనిపించింది. మడమ ముందు, వేలు వెనక. ఒకటి, రెండు, మూడు. గోడమీద పడిన చిన్న చెయ్యి. తను నవ్వాడు. దేవుడా, తను నవ్వాడు.

వాకర్ మీది దుప్పటి లాగి కింద పడేశాడు.

లేవడానికి రెండుసార్లు పట్టింది. తోయి, ఆగు, అడుగు వెయ్యి. హాలు దాటాడు. వీధివైపు తలుపు గడప ఎత్తుగా ఉంది, చక్రాలు తగిలి ఆగాయి. వాకర్ని ఎత్తి గడప అవతల పెట్టి, దాని వెనకాలే ఒక కాలు, తర్వాత రెండో కాలు దాటించాడు. నెల తర్వాత మొదటిసారి, పట్టపగలు, వీధి చూస్తుండగా అంగట్లోకి వచ్చాడు.

గల్లాపెట్టె దగ్గర విద్యాలక్ష్మి ఎవరికో ఇడ్లీ గిన్నె కట్టి ఇస్తూ అతన్ని చూసి ఆగిపోయింది. బయట అరుగు మీద వాసవి నెత్తిన ఇత్తడి చెంబుతో నిలబడి ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు పోగయ్యారు. కమలాంబ వాకర్ని చూసింది, వీధిని చూసింది, ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"నాయనా, చూడు! చేతులు వదిలేసినా నిలబడతా ఉండాది," అంది వాసవి. అన్నదో లేదో ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. చెంబులో నీళ్లు చిందాయి, భుజం తడిసింది.

"అరోగరా!" అన్నారు ఆడవాళ్లు. ఒక అడుగు వెనక్కి జరిగి చేతులు జోడించారు.

ఆ జరగడం జనార్ధనానికి తెలుసు. రెండొందల మెట్టు దగ్గర చూశాడు దాన్ని.

మాట్లాడాలంటే నిలబడాలి. నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా పెట్టాడు. రెండు చేతులూ వాకర్ మీద బిగించాడు.

"దించు," అన్నాడు. "అది సామి కాదు."

"జనార్ధనా!" అంది కమలాంబ.

"నాకొచ్చింది సామి కాదమ్మా. నాయనకొచ్చిందీ కాదు. తాతకూ కాదు."

అరవాలనుకున్నాడు. అరిచేకొద్దీ మాట ఇంకా ముద్దయింది. అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోవిందమ్మ భక్తిగా రెండడుగులు ముందుకు వచ్చి, కొంగు భుజం నిండా కప్పుకుని, వాసవి మొహం చూసింది.

"సామి ఏం చెప్తా ఉండాడు పాపా?"

వాసవికి ప్రతి మాటా అర్థమైంది. అలవాటు కొద్దీ మళ్లీ చెప్పబోయింది.

"సామి కాదంటా ఉండాడు. నాయనకొచ్చింది, తాతకొచ్చింది..."

ఆగిపోయింది. చెంబు దించి చేత్తో పట్టుకుంది. లోపలి నీళ్లు కదులుతున్నాయి. పిల్ల ఆ నీళ్ల వైపు చూసింది, వాకర్ మీది తండ్రి చేతుల వైపు చూసింది. గల్లాపెట్టె దగ్గరున్న తల్లి వైపు చూసింది. విద్యాలక్ష్మి ఇడ్లీ గిన్నె కింద పెట్టి, అప్పటికే లేచి నిలబడింది.

"మరేంది నాయనా?" అని అడిగింది వాసవి.